మామిడి టెంకలను కుళ్లబెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే రోజుల్లో రోడ్డు పక్కన గుట్టలుగా పోసిన తోతాపురి టెంకలు, తొక్కలు మనమంతా చూసేవే. నాలుగు రోజులకే పులిసి, ఈగలు ముసిరి, ముక్కు మూసుకుని బండి నడపాల్సి వస్తుంది. ఆ టెంకలతో నూనెలూ ఇంధనమూ చెడకుండా కాపాడుకోవచ్చేమో చూడమని అడగడానికే ఈ లేఖ.

నాది చిన్న గానుగ. చెనిక్కాయ నూనె ఆడిస్తాను. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే: "మందేమీ కలపలేదు కదా? ఎన్నాళ్లుంటుంది?" గాలి తగిలితే ఏ నూనైనా చెడుతుంది. వేడి, వెలుతురు, రాగి, ఇనుము తోడైతే ఇంకా తొందరగా. మా అమ్మ నెయ్యి కాచేటప్పుడు దించే ముందు గుప్పెడు మునగాకు వేసేది. ఆకు చిటపటలాడి కరకరమనే దాకా ఉంచేది. ఆ నెయ్యి నెలల తరబడి ముక్క వాసన వచ్చేది కాదు. నూనె చెడటం గొలుసులా పాకుతుంది. ఆకుల్లోని ఫినాల్ పదార్థాలు మధ్యలో ఆ గొలుసును తెంచేస్తాయి.

నూనెలతో చేసే ఇంధనం బయోడీజిల్‌దీ ఇదే బాధ. పోయినేడు జనరేటర్ కోసం ఒకచోట కొన్నాను. డ్రమ్ములో మూడు నెలలుంచి వాడితే ఇంజిన్ ఆగిపోయింది. ఫిల్టర్ విప్పితే లోపలంతా బంక. వేలికంటింది సబ్బుతో రుద్దినా వదల్లేదు. యూరప్ ప్రమాణం ప్రకారం 110 డిగ్రీల వేడిలో గాలి ఊదుతూ పరీక్షిస్తే బయోడీజిల్ 8 గంటలు నిలబడాలి. ఏమీ కలపని, కానుగ గింజల నూనెతో చేసిన బయోడీజిల్ మామూలుగా అంతసేపు తట్టుకోదు. అందుకే చెడకుండా ఆపే టీబీహెచ్‌క్యూ లాంటి పెట్రో రసాయనాలు కలుపుతారు.

2030కల్లా డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెప్పింది. వాడేసిన వంటనూనెను బయోడీజిల్‌కు మళ్లించమని ఆహార భద్రత సంస్థ కూడా అదే ఏడాది పథకం పెట్టింది. యాత్రికులతో కిటకిటలాడే తిరుపతి హోటళ్లలో అలాంటి నూనెకు కొదవా? కానీ బాణలిలో మళ్లీ మళ్లీ కాగిన నూనెలో సహజంగా ఉండే విటమిన్ ఇ హరించుకుపోతుంది. దాంతో చేసిన ఇంధనానికి చెడకుండా రక్షణ మరీ అవసరం.

ఆ రక్షణ ఇచ్చేది మన రోడ్ల పక్కనే కుళ్లుతోంది. టెంకలోని జీడిలో గాలిక్ ఆమ్లం, టానిన్లు దండిగా ఉన్నాయి. తొక్కలో మాంగిఫెరిన్ ఉంది. ఇవన్నీ పైన చెప్పిన ఫినాల్ పదార్థాల జాతివే. రోజ్‌మేరీ ఆకు సారాన్ని యూరప్‌లో వంటనూనెల్లో కలపడానికి అనుమతిచ్చారు. మన టెంకకు ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు? చిక్కు లేకపోలేదు. ఈ పదార్థాలు నీళ్లలో, ఆల్కహాల్‌లో కరిగినంత సులువుగా నూనెలో కరగవు. ఎంత కలపాలి, ఇంజిన్‌కు హాని ఉంటుందా అన్నది పరీక్షించాకే వాడాలి.

ఆ పరీక్షలకు దూరం పోనక్కర్లేదు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఐఐటీ ఉంది. జిల్లా అధికారులు వచ్చే సీజన్‌కు ముందే వీళ్లనూ ఫ్యాక్టరీల వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టాలి. టెంకలను తడి మీద కుప్ప పోయకుండా వెంటనే ఎండబెట్టి జీడి తీసేలా ఒక్క ఫ్యాక్టరీలోనైనా మొదలుపెట్టించాలి. ఎండబెట్టడానికి మా గానుగ వెనకున్న కళ్లం నేను ఉచితంగా ఇస్తాను.

ఇట్లు,
ఒక గానుగ నూనె వ్యాపారి,
చిత్తూరు