విసిరేవాడు దొరికాడు, మరి పట్టేవాడు?

ష్రూస్‌బరీ, మసాచుసెట్స్
26 జనవరి 2025, ఆదివారం సాయంత్రం

ప్రియమైన బావా,

నిన్న ఫోనులో నువ్వు అడిగిన మాట రాత్రంతా నా చెవిలోనే ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆరు సూపర్ బౌల్‌లు (ఏటా జరిగే ఫైనల్ పోటీలు) గెలిచిన మన పేట్రియట్స్ జట్టుకు బంతి పట్టుకునే మనిషి ఒక్కడు దొరకడం ఇంత కష్టమా అని అడిగావు. అప్పుడు కారు నడుపుతూ ఉండటం వల్ల సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు మధ్యాహ్నం ఫిలడెల్ఫియాలో ఈగిల్స్‌కూ వాషింగ్టన్‌కూ జరిగిన పోటీ చూసిన తరువాత, ఈ సంగతి ఫోనులో తేలేది కాదని, కాగితం మీద పెట్టాల్సిందేనని కూర్చున్నాను.

ఈగిల్స్ 55–23తో గెలిచారు. ఓడిన వాషింగ్టన్ తరఫున టెర్రీ మెక్‌లారిన్ 36 గజాల టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించాడు. గెలిచిన ఈగిల్స్ తరఫున ఏ.జే. బ్రౌన్ మరొకటి చేశాడు. 2019 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే చోట, మన పేట్రియట్స్ వంతు వచ్చేసరికి ఈ ఇద్దరూ ఇంకా మిగిలే ఉన్నారు. ఆ రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది. మన వూస్టర్ అపార్ట్‌మెంట్‌లో నువ్వు చేసిన పులిహోర పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాము. 32వ పిక్‌గా (32వ వంతులో) ఎన్‌కీల్ హ్యారీ పేరు చదవగానే నువ్వు లేచి చప్పట్లు కొట్టావు, నేనూ కొట్టాను. కోచ్ బెలిచిక్ హయాంలో మొదటి రౌండ్‌లో ఒక రిసీవర్‌ను, అంటే విసిరిన బంతి పట్టేవాడిని, తీసుకోవడం అదే మొదటిసారి కాబట్టి, ఆయన అంత ఏరి కోరి తీసుకున్నాడంటే ఏదో చూసే ఉంటాడని నమ్మాము. ఆ తరువాత 36వ పిక్‌లో డీబో సామ్యూల్, 51లో బ్రౌన్, 64లో డీకే మెట్‌కాఫ్, 76లో మెక్‌లారిన్ వెళ్ళిపోయారు. హ్యారీ మన దగ్గర మూడేళ్ళు ఉండి పట్టిన బంతులు 57, చేసిన టచ్‌డౌన్‌లు నాలుగు. చివరికి 2022లో అతడిని చికాగోకు ఇచ్చి, బదులుగా 2024 డ్రాఫ్ట్‌లో ఒక ఏడో రౌండ్ పిక్ తెచ్చుకున్నారు.

ఒక్క హ్యారీతో పోయి ఉంటే దీన్ని దురదృష్టమని ఊరుకునేవాడిని. కానీ ఇది ఇరవై ఏళ్ళుగా మళ్ళీ మళ్ళీ జరుగుతున్న తప్పు. 2006లో రెండో రౌండ్‌లో వేరే జట్టుతో బేరమాడి, ముందు వంతుకు జరిగి మరీ చాడ్ జాక్సన్‌ను తీసుకున్నారు. ఆ బేరంలో వెనక్కి జరిగిన గ్రీన్ బే 52వ పిక్‌లో గ్రెగ్ జెన్నింగ్స్‌ను తెచ్చుకుంది. 2013లో ఆరన్ డాబ్సన్ వచ్చాడు. 2022లో మళ్ళీ అలాగే ముందుకు జరిగి 50వ పిక్‌లో టైక్వాన్ థార్న్‌టన్‌ను తీసుకుంటే, రెండు పిక్‌ల తరువాత పిట్స్‌బర్గ్ జార్జ్ పికెన్స్‌ను పట్టుకుపోయింది. మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) బ్రేడీ ఉన్నంతకాలం ఈ చిల్లులన్నీ ఆయన చేతి వెనక దాగి ఉన్నాయి. 2019 చివరికి ఆయన చేయి కూడా ఆ పని చేయలేకపోయింది. ఆ ఏడాది సగంలో రెండో రౌండ్ పిక్ ఇచ్చి అట్లాంటా నుంచి మహమ్మద్ సానూను తెచ్చుకున్నారు. అతడు చీలమండ దెబ్బతో మందగించి, మరుసటి ఏడాది ఆటలు మొదలవక ముందే వెళ్ళిపోయాడు. 2020 జనవరిలో మన మైదానంలోనే టెనెసీ చేతిలో ఓడిన రాత్రి బ్రేడీ మన జెర్సీలో విసిరిన చివరి బంతి ప్రత్యర్థి చేతుల్లో పడి టచ్‌డౌన్ అయింది. ఆ టెనెసీ జట్టులో ఉన్న కొత్త కుర్రవాళ్ళలో ఏ.జే. బ్రౌన్ ఒకడు.

ఇలా ఎందుకు జరుగుతోందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మన జట్టు ఆడే పద్ధతిలో రిసీవర్ ముందుగా గీసిన గీత వెంట పరుగెత్తితే సరిపోదు. బంతి కదిలిన తరువాత, వెనక కాపలా కాసే సేఫ్టీలు ఒకరున్నారా ఇద్దరున్నారా, ఎదుటివాడు తనను వెంబడిస్తున్నాడా లేక ఒక జాగా కాస్తున్నాడా అన్నది పరుగులోనే గమనించి, దానికి తగ్గట్టు దారి మార్చుకోవాలి. అదే క్షణంలో క్వార్టర్‌బ్యాక్ కూడా అదే చూసి, ఇతడు ఇంకా వెనక్కి తిరగక ముందే బంతి వదిలేస్తాడు. ఇద్దరూ చెరొకటి చూశారంటే ఆ బంతి శత్రువు పాలవుతుంది. అందుకే ఇక్కడ రాణించినవాళ్ళను చూడు. ఎడెల్‌మన్ కెంట్ స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్, 2009లో ఏడో రౌండ్‌లో వచ్చాడు. జకోబీ మేయర్స్ కూడా కాలేజీకి క్వార్టర్‌బ్యాక్‌గానే వెళ్ళాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవకపోతే మన దగ్గరికి వచ్చాడు. వీళ్ళు ఎదుటివాడి కాపలాను చదవగలరు, చదివి ఖాళీ జాగాలో నిలబడగలరు. డ్రాఫ్ట్‌కు వచ్చేసరికి మాత్రం మనవాళ్ళు వేరే సరుకు కొంటారు. హ్యారీని పొడుగూ బలమూ చూసి, గుంపులో ఎగిరి పట్టగలడని తీసుకున్నారు. థార్న్‌టన్ 40 గజాలు 4.28 సెకన్లలో పరుగెత్తాడని తీసుకున్నారు. మీద పడుతున్న మనిషిని వదిలించుకోగలడా, రక్షణను చదవగలడా అన్న రెండు ప్రశ్నలు గట్టిగా అడిగి ఉంటే ఈ పేర్లలో సగం మన జాబితాలోకి వచ్చేవే కావని నా గట్టి నమ్మకం.

మేయర్స్ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2020, 2021, 2022 మూడేళ్ళూ మన జట్టులో అందరికంటే ఎక్కువ గజాలు సంపాదించినవాడు అతడే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, 2023లో అతడిని లాస్ వేగాస్‌కు పోనిచ్చి, అదే మూడేళ్ళకు, దాదాపు అదే ధరకు, అంటే 33 మిలియన్ డాలర్ల వరకు చేరే ఒప్పందానికి, జూజూ స్మిత్-షూస్టర్‌ను తెచ్చుకున్నారు. ఆ ఏడాది మేయర్స్ అక్కడ 71 బంతులు పట్టి ఎనిమిది టచ్‌డౌన్‌లు చేశాడు. జూజూ ఇక్కడ మోకాలి బాధతో 29 బంతులు పట్టి ఒక్క టచ్‌డౌన్ చేశాడు. 2024లో మేయర్స్ వెయ్యి గజాలు దాటాడు. మనవాళ్ళలో 2019లో ఎడెల్‌మన్ తరువాత 2024 దాకా వెయ్యి గజాలు చూసినవాడు ఒక్కడూ లేడు.

బయటివాళ్ళను పిలిచినా రావడం లేదన్నది మరో బాధ. 2023లో రిసీవర్ డియాండ్రే హాప్కిన్స్ మన జట్టు ఉండే ఫాక్స్‌బరో వచ్చి అన్నీ చూసుకుని టెనెసీకి వెళ్ళాడు. 2024లో మరో రిసీవర్ కాల్విన్ రిడ్లీ కూడా టెనెసీనే ఎంచుకున్నాడు. బంతి పట్టే వీధిలో మనకు పేరు పోయింది, పేరు పోయిన ఇంటికి అల్లుడిని వెతకడం ఎంత కష్టమో నీకు చెప్పనక్కరలేదు.

ఇక గత ఏడాది ఏప్రిల్ గురించి. మూడో పిక్‌లో క్వార్టర్‌బ్యాక్ డ్రేక్ మేను తీసుకోవడం ఎంత మంచి పనో, మరునాడు చేసిన పని అంత చెడ్డది. మన చేతిలో 34వ పిక్ ఉంది. దాన్ని 137వ పిక్‌తో కలిపి చార్జర్స్‌కు ఇచ్చి, 37నూ 110నూ పుచ్చుకున్నారు. చార్జర్స్ ఆ 34తో లాడ్ మెకాంకీని తీసుకున్నారు. మనవాళ్ళు 37తో జాలిన్ పోక్‌ను, 110తో జావన్ బేకర్‌ను తీసుకున్నారు, ముగ్గురూ రిసీవర్లే. ఏడాది తిరిగేసరికి మెకాంకీ లెక్క 82 బంతులు, 1,149 గజాలు. మన ఇద్దరి లెక్కా కలిపితే 13 బంతులు, 99 గజాలు. నేను ఆ రెండు అంకెలనూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

పోక్‌ను నేను ఆడిపోసుకోవడం లేదు బావా, అతడు కుర్రవాడు. అక్టోబరు 6న మయామీతో ఆట ముగియబోతుండగా, మనం 15–10తో వెనకబడి ఉన్నప్పుడు, అప్పటి క్వార్టర్‌బ్యాక్ బ్రిసెట్ విసిరిన బంతిని ఎండ్ జోన్ (చివరి గీత అవతలి జాగా) వెనక అంచున ఎగిరి రెండు చేతులా పట్టుకున్నాడు. మా అబ్బాయి సోఫా మీద నుంచి దూకి అరిచాడు. తరువాత ఆ దృశ్యాన్ని నెమ్మదిగా, దగ్గరగా చూపించారు. బూటు ముందుభాగం పచ్చిక మీద పడింది, పాదం మెల్లగా వెనక్కి వాలింది, మడమ వచ్చి తెల్లగీతకు తగిలింది. ఆ టచ్‌డౌన్ చెల్లదన్నారు, ఆట పోయింది. ఆ మడమ దిగుతున్నప్పుడు మా వాడి ముఖం చూశాను, అది నేను మరిచిపోలేను. వాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. వాడి అల్మారాలో ఒకే నంబరువి రెండు జెర్సీలు ఉన్నాయి, రెండింటి మీదా 10 అనే ఉంటుంది. పొట్టిదైపోయినది మన పాత క్వార్టర్‌బ్యాక్ మ్యాక్ జోన్స్‌ది, కొత్తది డ్రేక్ మేది. మొదటి కుర్రవాడికి పట్టేవాళ్ళను సమకూర్చలేదు, రెండో ఏట నేర్పేవాళ్ళనూ సరిగా పెట్టలేదు. రెండోవాడికీ అదే గతి పట్టిస్తారేమోనన్నదే నా భయమంతా.

నవంబరులో టెనెసీతో జరిగిన ఆటలో సమయం అయిపోతుండగా డ్రేక్ మే దాదాపు 12 సెకన్లు బంతి చేతిలో పట్టుకుని ఇటూ అటూ పరుగెత్తి తప్పించుకుంటూ చివరికి టచ్‌డౌన్ విసిరాడు. అందరూ ఆ కుర్రవాడి గుండె ధైర్యాన్ని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. అయితే అంతసేపు అతడు ఎందుకు పరుగెత్తాల్సి వచ్చింది? చూసిన వైపల్లా ఎవరికో ఒకరికి అతుక్కుపోయిన రిసీవరే కనిపించాడు. ఆఖరికి ఆ బంతి అందుకున్నది రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తడమే ప్రధాన పని అయినవాడు) స్టీవెన్‌సన్. ఏడాది మొత్తం మీద మన జట్టులో ఎక్కువ గజాలు సంపాదించినవాడు టైట్ ఎండ్ (అడ్డు కాస్తూ బంతి కూడా పట్టేవాడు) హంటర్ హెన్రీ; రిసీవర్లలో ముందున్న డెమారియో డగ్లస్, ఆరో రౌండ్ కుర్రవాడు, 621 దగ్గర ఆగాడు.

డిసెంబరు 28న చార్జర్స్ వచ్చినప్పుడు నేను స్టేడియానికి వెళ్ళాను. మనం 40–7తో ఓడిపోయాము. మన చేతిలోంచి జారిన ఆ మెకాంకీ మన గడ్డ మీదే రెండు టచ్‌డౌన్‌లు చేయడం పుండు మీద కారం చల్లినట్టుగా ఉంది. మూడో భాగం పూర్తి కాకముందే జనం మన కోచ్ మేయోను తీసేయమని అరవడం మొదలుపెట్టారు. నేను అరవలేదు. జట్టును అలా కట్టినవాళ్ళు వేరే ఉన్నారనిపించింది. వారం తరువాత ఆఖరి ఆటలో బఫెలోను ఓడించి, మొదటి పిక్ పోగొట్టుకుని నాలుగుకు దిగాము (ఎక్కువ ఓడిన జట్టుకే ముందు వంతు కదా); ఆ సాయంత్రమే మేయో ఉద్యోగమూ పోయింది.

ఇప్పుడు కోచ్‌గా వ్రేబుల్ వచ్చాడు. ఇల్లలకగానే పండుగ కాదని నాకూ తెలుసు. అయినా ఈయన మీద నాకు ఒక ఆశ ఉంది. ఆడే రోజుల్లో లైన్‌బ్యాకర్, అంటే రక్షణ వైపు ఆటగాడు, అయి ఉండి రెండు సూపర్ బౌల్‌లలో మన కోసం టచ్‌డౌన్ బంతులు పట్టినవాడు. టెనెసీలో కోచ్‌గా ఉండగా 2022లో ఏ.జే. బ్రౌన్‌ను ఈగిల్స్‌కు ఇచ్చేస్తే జట్టు ఏమైపోతుందో కళ్ళారా చూసినవాడు. మన దాడి ఆటను నడిపిన కోచ్ మక్‌డేనియల్స్ కూడా తిరిగి వస్తున్నాడు కాబట్టి నేను పైన చెప్పిన ఆ చదివే పద్ధతి మళ్ళీ వస్తుంది. అందుకే ఈసారి కొలతలు చూసి కొనకూడదని నేను ఇంతగా పట్టుబడుతున్నాను. జీతాల పరిమితి కింద మన దగ్గర లీగ్‌లో అందరికంటే ఎక్కువ సొమ్ము ఉంది. సిన్సినాటీ తన రిసీవర్ టీ హిగిన్స్‌ను వదిలితే, మార్చిలో అడిగినంత ఇచ్చి తీసుకురావాలి. అతడు రాకపోతే, వయసు మీరినా సరే, కాపలాను చదవగల అనుభవజ్ఞుడు ఒకడు కావాలి, పక్కనున్న కుర్రవాళ్ళు చూసి నేర్చుకోవడానికి. నాలుగో పిక్‌ను మాత్రం నేను డ్రేక్ మే ఎడమ పక్క కాసే లైన్‌మన్‌కే ఇస్తాను. రిసీవర్ ఎంత బాగా తప్పించుకున్నా, విసిరేవాడు నేల మీద పడి ఉంటే లాభం లేదు కదా. నువ్వు దీనికి ఒప్పుకోవని తెలుసు, కాలేజీ ఆటగాడు ట్రావిస్ హంటర్ పేరు ఎత్తుతావు. ఆ వాదన ఫోనులో పెట్టుకుందాము.

డ్రాఫ్ట్ ఏప్రిల్ 24 రాత్రి ఎనిమిదికి, గ్రీన్ బేలో. హైదరాబాదులో 25 తెల్లవారి అయిదున్నర అవుతుంది. చెల్లెమ్మను నిద్రలేపకుండా కాఫీ పెట్టుకుని కూర్చో, నేను వీడియో కాల్ చేస్తాను, మా వాడు కూడా పక్కన ఉంటాడు. కాన్సాస్ సిటీ, బఫెలో ఆట మొదలవబోతోంది, జూజూ ఇప్పుడు మళ్ళీ కాన్సాస్ వైపే ఉన్నాడు. మా వాడు ఇప్పటికే రెండుసార్లు పిలిచాడు, వెళుతున్నాను.

నీ మిత్రుడు