తల దెబ్బ కథ కుట్లు విప్పడంతో ముగియదు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో తల దెబ్బలకూ, వయసు మళ్లాక మతి సన్నగిల్లే డిమెన్షియా జబ్బుకూ ఉన్న లంకె గురించి అర పేజీ వేశారు. సంతోషం. బొమ్మ మాత్రం బాక్సర్లది! మన ఊళ్లలో బాక్సింగ్ ఆడి తల పగలగొట్టుకునేవాళ్లు ఎందరున్నారండీ? పైగా చివర్లో సలహా ఏమిటంటే వాల్‌నట్స్ తినండి, గళ్లనుడికట్టు పూరించండి అని. దెబ్బ తగలకుండా ఏం చేయాలో, తగిలాక ఏం కనిపెట్టుకోవాలో ఒక్క ముక్క లేదు.

మన తలలు పగిలేది బండ్ల మీద. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఇది పోయినవాళ్ల లెక్క. "స్కాన్‌లో ఏమీ లేదు" అనిపించుకుని ఇంటికి నడిచి వచ్చినవాళ్లు ఇందులో ఉండరు. డెన్మార్క్‌లో దాదాపు 28 లక్షల మంది వివరాలు తిరగేసి 2018లో తేల్చింది తల దెబ్బ తగిలి బతికినవాళ్ల సంగతి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో డిమెన్షియా ముప్పు 24 శాతం ఎక్కువ. ఒక్కసారి తగిలిన చిన్న దెబ్బకు కూడా 17 శాతం. దెబ్బ తగిలిన ప్రతివాళ్లకూ మతి పోతుందని కాదు, కంగారు పడక్కర్లేదు. కానీ సీటీ స్కాన్ ప్రధానంగా చూపేది రక్తస్రావాన్నీ, ఎముక విరగడాన్నీ. దెబ్బకు తల విసురుగా తిరిగినప్పుడు మెదడులో సాగి తెగే సన్నటి నరాల పోగులు చాలాసార్లు అందులో కనపడవు.

హెల్మెట్ పెట్టాం కదా అంటారు. ఎక్కడ పెట్టారు? పెట్రోలు ట్యాంకు మీద, మోచేతికి, అద్దానికి. కెమెరా ఉన్న కూడలి రాగానే నెత్తికెక్కుతుంది, పట్టీ మాత్రం వేలాడుతూనే ఉంటుంది. పట్టీ బిగించని హెల్మెట్ బండి కంటే ముందే రోడ్డు మీద పడుతుంది. తలను కాపాడేది పైన మెరిసే చిప్ప ఒక్కటే కాదు, లోపలి గట్టి థర్మాకోల్ పొర. అది నలిగి దెబ్బను మింగుతుంది, ఒకసారి నలిగితే మళ్లీ పొంగదు. అందుకే ప్రమాదం జరిగిన హెల్మెట్ గీత పడకపోయినా పారేయాల్సిందే. రోడ్డు పక్క గుట్టగా పోసి అమ్మే వాటిలో లోపల వేలు పెట్టి నొక్కి చూడండి, చాలావాటికి స్పాంజి తప్ప ఏమీ ఉండదు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేనిది అమ్మకూడదని చట్టం. ఆ గుర్తు కింది లైసెన్సు నంబరు, ఆ గుర్తు ఇచ్చే సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలో నకిలీయో నిమిషంలో తేలుతుంది. చలానా కోసం బండి ఫొటో తీసే తీరిక ఉన్న అధికారులకు ఈ గుట్టల ఫొటో తీసే తీరిక మాత్రం ఉండదు.

ఇక స్పీడు బ్రేకర్లు. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మన కాలనీల్లో వేసేది అడుగు వెడల్పు, అర అడుగు ఎత్తు, పైన తెల్ల రంగు ఉండదు. వెనక ఒక పక్కకు కూర్చుని, ఒళ్లో పిల్లనో సంచినో పట్టుకున్న ఆడవాళ్లు ఆ కుదుపుకు వెల్లకిలా పడతారు. ముందుగా నేలకు తగిలేది తల వెనక భాగమే. వాళ్లకు హెల్మెట్ ఉండదు. నాలుగేళ్లు దాటిన ప్రతివాళ్లకూ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో ఉన్నా, దాన్ని చదివినవాళ్లు ఎక్కడున్నారో తెలియదు.

మీ వ్యాసం అసలు ముట్టుకోని సంగతి ఇంకొకటి. పెద్దవాళ్లు బాత్రూంలో జారి గోడకు తల తగిలించుకుంటారు. బొప్పి కూడా కట్టదు. వయసుతో మెదడు కాస్త కుంచించుకుని ఉంటుంది కనుక దాని పైపొర కింది సన్నటి సిరలు తెగి, రక్తం మెల్లగా ఊరుతుంది. రెండు మూడు వారాల తర్వాత తలనొప్పి, మగత, అడుగు తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తికమక. ఇంట్లోవాళ్లు "ముసలితనం, మతిమరుపు" అని సరిపెట్టుకుంటారు. అది డిమెన్షియా కాకపోవచ్చు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తే చాలామంది మళ్లీ మామూలవుతారు. గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడేవాళ్లకు ఈ ముప్పు మరింత ఎక్కువ. మందుల చీటీ తీసుకుని వెళ్లి, పడిన తేదీ డాక్టరుకు చెప్పాలి. చాలామంది చెప్పరు, ఎవరూ అడగరు.

రోడ్డు ప్రమాద బాధితులకు 2025లో తెచ్చిన నగదు రహిత చికిత్స 7 రోజులు, లక్షన్నర రూపాయల వరకు. మంచిదే. ఎనిమిదో రోజు నుంచి నిద్ర పట్టకపోయినా, చిరాకు పెరిగినా, లెక్కలు తప్పినా ఎవరి దగ్గరికి వెళ్లాలి? డిశ్చార్జి చీటీలో "తలకు దెబ్బ, స్పృహ ఇంతసేపు లేదు, ఫలానా తేదీన మళ్లీ చూపించాలి" అని మూడు ముక్కలు రాయడానికి ఏ కొత్త పథకమూ అక్కర్లేదు.

వచ్చే ఆదివారం వాల్‌నట్స్ బొమ్మ పక్కన పెట్టి, పైన రాసిన లక్షణాలు పెద్దక్షరాల్లో ఒక బాక్సు కట్టి వేయండి. కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకునేవాళ్లు ఉంటారు.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, రాజమహేంద్రవరం