కంప కొట్టడం కాదు, మోడుతో సహా తీయండి

సంపాదకుడి గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా పక్క ఊరి చెరువులో సర్కారు తుమ్మ తొలగించినారని ఫోటోతో సహా వేశారు. చదివి నాలుగు రోజులు ఊరుకున్నా, ఇంక ఆగలేక రాస్తున్నా. మా చెరువులో కూడా రెండేండ్ల కింద ఇట్లే జేసీబీ పెట్టి కొట్టించినారు, ఇట్లే ఫోటోలు దిగినారు. ఇప్పుడొచ్చి చూడండి, తూము దగ్గరికి మనిషి పోలేడు. ఈ చెట్టుకు ప్రాణమంతా మొదలు దగ్గరే ఉంటుంది, పైపైన కొట్టి వదిలితే ఒక్క వానకే మళ్లీ లేస్తుంది. మొన్న ఒక మోడు దగ్గర కూర్చుని లెక్కపెట్టినా, పద్నాలుగు పిలకలు, ముళ్లు అప్పుడే వేలెడు పొడుగు. ఒక చెట్టు ఉన్నచోట ఇప్పుడు పొద అయింది, బిల్లు మాత్రం ఎప్పుడో పాస్ అయిపోయింది.

ఈ చెట్టు మనది కాదు. మెక్సికో, వెస్టిండీస్ దిక్కుది. కరువు నేలల్లో వంటచెరకు దొరుకుతుందని మద్రాసు అటవీ అధికారి బెడ్డోం 1876లో విత్తనాలు కావాలని రాస్తే జమైకా నుంచి తెప్పించి 1877లో మా కమలాపురంలోనే వేసినారు. దేశంలో మొట్టమొదట వేసిన చోట్లలో మా ఊరు ఒకటి, అందుకే నాకింత బాధ. మెక్సికో దిక్కు ఎండా, చవుడు నేలా ఇక్కడా ఉండేసరికి దానికి కొత్తేమీ అనిపించలేదు, వేరు లోతుకు దించి మన పైరుకు అందని నీళ్లు తాగింది. దాని గింజల్ని తినే అక్కడి పురుగులు మాత్రం వెంట రాలేదు. మేకలు ఆకు ముట్టవు, కాయ తియ్యగా ఉంటుందని ఎగబడి తింటాయి. మా దొడ్లో పెంటికలు చిదిమి చూస్తే గింజ చెక్కుచెదరకుండా ఉంది. మేక కడుపులో పై పెంకు మెత్తబడి ఇంకా బాగా మొలుస్తుంది కూడా. మంద ఎక్కడ తిరిగితే అక్కడికల్లా తుమ్మే, దాని కింద గడ్డి కూడా సరిగా రాదు.

బొగ్గు కాల్చుకుని బతికే ఇండ్లు ఉన్నాయి, చెట్టును తిట్టడంలేదు. తెచ్చేముందు ఆలోచించని వాళ్లమీదే నా కోపం. నూట యాభై ఏండ్లు కావస్తున్నా బుద్ధి రాలేదు, మొన్న మొన్నటిదాకా నీళ్లు పోయకపోయినా పచ్చగా ఉంటుందని రోడ్ల వెంట కోనోకార్పస్ అనే ఇంకో పరాయి దేశపు చెట్టు పెట్టినారు. తెలంగాణ హరితహారంలో దాన్ని ఆపేసినారు, గుజరాత్ 2023లో నిషేధించింది, మా టౌన్ డివైడర్ మీద మాత్రం ఇప్పటికీ ట్యాంకర్‌తో నీళ్లు పెట్టి మరీ పెంచుతున్నారు. పోయిన వానాకాలం నర్సరీకి పోయి కానుగ మొక్కలు అడిగితే లేవన్నారు. వేప, చింత, నేరేడు కూడా లేవు. మన చెట్లు మనకే దొరక్కపోతే ఎవరిని అడగాలి?

పక్క ఊరి చెరువులో పని ఇంకా సగమే అయింది. పని చేయించే అధికారులకు చెప్తున్నా, కనీసం మిగిలిన సగమైనా మోడును జానెడు లోతు నుంచి పెకలించి తీయించండి, తీసిన గుంతలో అప్పుడే కానుగో వేపో నాటించండి, తర్వాత రెండు వానాకాలాలు వచ్చి చూసి మొలిచిన పిలకల్ని పీకించినాకే కాంట్రాక్టర్‌కు పూర్తి బిల్లు ఇవ్వండి. సంపాదకుడు గారూ, మీ విలేకరిని కూడా వచ్చే కార్తీకంలో అదే చోటికి పంపి ఇంకో ఫోటో తీయించండి.

- ఒక రైతు, కమలాపురం మండలం, కడప జిల్లా