మీ గుమ్మాల మీద మెజూజాలు దింపమంటున్నాను, ఎందుకంటే

కొత్తరెడ్డిపాలెం, మచిలీపట్నం, హైదరాబాదుల్లో నా దగ్గర మెజూజాలు (మన యూదులం గుమ్మాలకి బిగించుకునే, లేఖన వాక్యాలు రాసిన తోలు చుట్టలు) కొన్న 11 కుటుంబాలకీ ఈ మాట నా నోటితోనే తెలియాలి. పోయిన దసరా తర్వాత నేను అమ్మిన 27 మెజూజాల్లో 26 చెల్లవు. లోపల ఉన్నది చేత్తో రాసిన తోలు కాదు, అచ్చువేసిన కాగితం. టేకు పెట్టెలు మన వడ్రంగి చేసినవే, వాటికేం లోపం లేదు. కానీ పెట్టె మెజూజా కాదు, లోపలి క్లాఫే, అంటే వాక్యాలు రాసిన ఆ తోలే మెజూజా.

ఎలా బయటపడిందో చెబుతాను. పస్కాకి ముందు ఇంటికి వెల్ల వేయించుకుంటూ ఒక అక్క తన గుమ్మాలవి రెండూ తీసి కొట్టుకి తెచ్చింది, "తడి తగిలిందేమో చూడు తమ్ముడూ" అంటూ. రెండూ విప్పి బల్ల మీద పక్కపక్కన పరిచాను. మా అన్న కూతురు అక్కడే కూర్చుని హీబ్రూ పాఠం రాసుకుంటోంది. తొంగిచూసి, "బాబాయ్, రెండిట్లోనూ ఈ లామెద్ అక్షరం కింద చుక్క ఒకేచోట ఉందేంటి?" అంది. భూతద్దం పెట్టి చూశాను. ఆవగింజలో సగం కూడా లేని సిరా చుక్క. మొదటిదాంట్లో ఏడో వరుసలో ఎక్కడుందో రెండోదాంట్లోనూ సరిగ్గా అక్కడే ఉంది. చేత్తో రాసేవాడికి చెయ్యి తడబడొచ్చు, కానీ వెంట్రుకవాసి తేడా లేకుండా రెండుసార్లు ఒకేలా తడబడదు. తలుపు మూసి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేశాను. నిజమైనదైతే సిరా లేకుండా గీరిన 22 గీతలు నీడల్లా తేలతాయి, అక్షరాలు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఇక్కడ అంతా నున్నగా ఉంది. రాతలేని మూల ఒకటి తడిపి వేలితో నలిపితే పొట్టులా లేచింది.

దళారి పంపిన పొట్లంలో పైనున్న ఒక్కటే విప్పి చూశాను నేను. అది నిజమైనదే, మంచి రాత. మిగతావి బిగువుగా చుట్టి ప్లాస్టిక్ తొడుగుల్లో ఉన్నాయి. విప్పితే సిరా చిట్లుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా తాత తంగేడు చెక్క నీళ్ళలో తోళ్ళు పదునుపెట్టిన మనిషి. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని వేలితో తడిమి మేకతోలో గొర్రెతోలో చెప్పేవాణ్ణి. ఆ ఇంట్లో పుట్టి కాగితాన్ని తోలని మీకు అమ్మాను. పోయిన డబ్బుకంటే ఇదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

దళారికి ఫోన్ చేశాను. ముందు బుకాయించాడు. ఫోటోలు పంపాక అన్న మాట ఇది: "మీ పల్లెటూళ్ళో అది చదివేదెవరు? మీవాళ్ళకి ఆ మాత్రం చాలదా?" నేను ఇంకేం మాట్లాడలేదు. చదివింది పన్నెండేళ్ళ పిల్ల అని చెబుదామనుకున్నాను, గొంతు పెగల్లేదు. మనం ఎవరిమో, ఎవరి సంతతో తేల్చడానికి బయటినుంచి చాలామంది వచ్చారు, వెళ్ళారు, రకరకాలుగా రాసుకున్నారు. దానికి నేను ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు. కానీ మన గుమ్మానికి తక్కువరకం చాలని ఎవడైనా అంటే మాత్రం ఊరుకోను. అతనితో బేరం అక్కడితో సరి.

ఇంతకీ ఎందుకు ఇంత పట్టింపు అని మీలో కొత్తవాళ్ళు అడగొచ్చు. క్లాఫ్‌కి వాడే తోలు కోషర్ జంతువుది, అంటే మన ధర్మం తినొచ్చన్న జంతువుది కావాలి. దాన్ని శుద్ధి చేయడం మొదలుపెట్టేటప్పుడే ఈ పవిత్రమైన పనికోసమని సంకల్పించుకోవాలి. సోఫేర్, అంటే లేఖనాలు చేత్తో రాసే లేఖకుడు, ఈకకలంతో, నల్ల సిరాతో, ద్వితీయోపదేశకాండంలోని రెండు భాగాల్లో ఉన్న 713 అక్షరాలూ వరుస తప్పకుండా రాయాలి. ఒక అక్షరం వదిలేసి, ముందుకుపోయి, తర్వాత వచ్చి ఇరికిస్తే చెల్లదు. ఒక అక్షరం ఇంకోదానికి అంటుకున్నా చెల్లదు. "ఎహాద్" అన్న హీబ్రూ మాట చివర దాలెత్ అక్షరం మూల అరిగి గుండ్రమైతే అది రేష్ అనే ఇంకో అక్షరం అవుతుంది, "ఒక్కడు" అన్నది కాస్తా "వేరొకడు" అయిపోతుంది. అంత సూక్ష్మమైన చోట అచ్చు కాగితాన్ని ఎలా ఒప్పుకోమంటారు?

ఇక నన్ను పది రోజులు నిలవనీయని సంగతి. మళ్ళీ మంచివి రావడానికి ఆరువారాలు పడుతుంది. అందాకా పాతవి అలాగే ఉండనిచ్చి, వచ్చాక ఒక్కో ఇంటికీ వెళ్ళి చప్పుడు చేయకుండా మార్చేస్తే ఎవరికీ తెలియదు. మా ఇంట్లోవాళ్ళూ అదే అన్నారు, పండగ ముందు జనాన్ని బెంబేలెత్తించడం ఎందుకని. నిజం చెబుతున్నాను, రెండు రోజులు నేనూ ఆ వైపే ఉన్నాను. మూడోరోజు పొద్దున పాలకి వెళ్తూ పెద్దమ్మ వాకిట్లో ఆగాను. ఆమెకి చూపు ఆనదు. గడప దాటుతూ కుడిచెయ్యి పైకెత్తి తడుముకుంది, పెట్టె తగిలింది, వేళ్ళు పెదాలకి ఆనించుకుంది. నన్ను గుర్తుపట్టి, "నువ్వు కట్టిందే కదరా" అంది. నేను తలూపి వచ్చేశాను. ఆ కాగితాన్ని ఆమె చేత ఇంకో ఆరువారాలు ముద్దుపెట్టించుకోవడం నావల్ల కాదు. పోనీ ఖాళీ పెట్టెలు ఉంచుదామా అనీ ఆలోచించాను. ఉంచితే ఉందనే అనుకుంటారు, అదీ మోసమే. కాబట్టి దింపేయమంటున్నాను. గుమ్మం కొన్నాళ్ళు బోసిగా కనిపిస్తుంది. దానికి బాధ్యుణ్ణి నేనే, అడిగినవాళ్ళకి నా పేరే చెప్పండి.

కొత్తవాటికి మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ఒక్కోటి మీ దగ్గర 2,500 తీసుకున్నాను, ఇప్పుడు నాకు 4,200 పడుతోంది. ఈ నెల చిట్టీ పాడేశాను, డబ్బు సమకూరింది. వద్దు, డబ్బే ఇచ్చేయమన్నా ఇస్తాను, అడగడానికి మొహమాటపడకండి. ఈసారి మధ్యలో దళారి లేడు, జెరూసలేంలో రాసే సోఫేర్ దగ్గరనుంచే నేరుగా వస్తాయి. అక్షరం తప్పిందో ఎక్కువైందో అక్కడ కంప్యూటర్‌తో చూస్తారు. అక్షరం రూపం సరిగ్గా ఉందా, పక్కదానికి తగిలిందా అని వేరే మనిషి కంటితో చూస్తాడు. ఆపైన ప్రతి ఒక్కటీ నా బల్ల మీద, మీ ముందే విప్పుతాను. మీ పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళూ చదివి చూస్తారు.

ముందు వీధి గుమ్మాలకి, తర్వాత లోపలి గదులకి. బిగించడం మీకు తెలిసిందే: లోపలికి వచ్చేటప్పుడు కుడివైపు, ద్వారబంధం ఎత్తులో పైమూడోవంతు మొదలయ్యే చోట. పాతవి చెల్లనివి కాబట్టి ఆశీర్వచనం మళ్ళీ చెప్పుకోవాలి. ఏడేళ్ళలో రెండుసార్లు విప్పి చూడాలన్నది ఉండనే ఉంది, మన డెల్టా తేమకి నేను ఏడాదికోసారి ఉచితంగా చూసిపెడతాను. వెల్లవేసేవాళ్ళు వచ్చేముందు మాత్రం మర్చిపోకుండా తీసి లోపల పెట్టండి.

దింపిన కాగితాలు చింపొద్దు, చెత్తలో వేయొద్దు. అచ్చువేసిందైనా దానిమీద దేవుడి పేరుంది. ఆదివారం సాయంత్రం సంచీ పట్టుకుని నేనే ఇంటింటికీ వస్తాను, హైదరాబాదువాళ్ళు కవర్లో పెట్టి పంపండి. అన్నీ చేరాక మట్టికుండలో పెట్టి పూడ్చిపెడతాం. పెద్దమ్మ ఇంటికి మొదట వస్తాను.