మంత్రి గారూ, తలుపు మూసి ఉందో తెరిచి ఉందో టికెట్ కొనకముందే చెప్పించండి

భారత ప్రభుత్వ విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది జగిత్యాల జిల్లాలో ఓ పల్లెటూరు. నాకు 54 ఏళ్లు. దుబాయ్‌లో ఐదేళ్లు షట్టరింగ్ కార్పెంటర్‌గా చేశాను. 2006లో నన్ను అక్కడి నుంచి డిపోర్ట్ చేశారు, అంటే బలవంతంగా వెనక్కి పంపించేశారు. ఇప్పుడు మా బిడ్డ, అల్లుడు షార్జాలో ఉన్నారు. మొన్న మనవరాలు పుట్టింది. అల్లుడు నాకూ నా భార్యకూ విజిట్ వీసాలు తీసి పంపించాడు. ఆ వీసా మీద నేను విమానం ఎక్కొచ్చా, ఎక్కకూడదా? ఇన్ని రోజులుగా తిరుగుతున్నాను, దీనికి జవాబు చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

నేను చేసిన తప్పు దాచను. కంపెనీ నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే ఉండేది. ఇంటి దగ్గర అప్పుకు మిత్తి పెరుగుతుంటే కంపెనీ విడిచి బయట పనికి పోయాను. అట్లా పోయినవాళ్లను మా దగ్గర ఖల్లివెల్లి అంటారు. ఏడాదిన్నర దొరక్కుండా పనిచేశాను. ఒక తెల్లవారుజామున రూములో అందరం పడుకుని ఉండగా పట్టుకుపోయారు. 23 రోజులు లోపల ఉంచారు. పంపించే ముందు ఒక మిషన్ ముందు నిలబెట్టి కళ్లు పెద్దగా తెరవమన్నారు. ఫొటో అనుకున్నాను. పాస్‌పోర్ట్ లేదు కాబట్టి మన కాన్సులేట్ వాళ్లు దాని బదులు ఇంటికి రావడానికి ఔట్‌పాస్ ఇచ్చారు. నా ఫొటో అంటించిన ఒక్క కాగితం. ముంబైలో దిగి, కోరుట్ల బస్సెక్కి ఇంటికొచ్చాను. మళ్లీ ఎన్నేళ్లు రాకూడదో, అసలు ఎప్పటికీ రాకూడదో ఆ కాగితం మీద లేదు. అక్కడి పోలీసులూ చెప్పలేదు, మనవాళ్లూ చెప్పలేదు.

2013లో కొత్త పాస్‌పోర్ట్‌కు పెట్టుకున్నాను. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది, మీకు తెలిసిందే. ఎప్పుడైనా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ (ఔట్‌పాస్ అంటే అదే) మీద తిరిగొచ్చారా, ఏ దేశం నుంచైనా డిపోర్ట్ అయ్యారా అని. ఏజెంట్ ‘లేదు’ అని రాయమన్నాడు. నేను ‘అవును’ అనే రాయించాను. దాంతో విచారణ ఆలస్యమైంది, మళ్లీ మళ్లీ పిలిచారు, అయినా పాస్‌పోర్ట్ వచ్చింది. అంటే నేను డిపోర్ట్ అయిన సంగతి మన ప్రభుత్వానికి తెలుసు. నా చేత్తో రాసి ఇచ్చిందే అది.

మరుసటి ఏడాది నూటికి రెండు రూపాయల మిత్తికి 70 వేలు తెచ్చి ఏజెంట్‌కు కట్టాను. మెడికల్ అయింది, వీసా వచ్చింది, బయటి దేశానికి పనికి పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అయింది. ఒక్క చోట కూడా ఎవరూ ఆపలేదు. పేరు అదే, పుట్టిన తేదీ అదే, పాస్‌పోర్ట్ నంబర్ మాత్రం కొత్తది. శంషాబాద్‌లో విమానం ఎక్కాను. దుబాయ్‌లో దిగాక కౌంటర్ దగ్గర పిల్లవాడు కెమెరాలోకి చూడమన్నాడు. చూశాను. అతను తెర వంక చూసి, నా వంక చూసి, ఇంకొకరిని పిలిచాడు. పాస్‌పోర్ట్ మారుతుంది గానీ కన్ను మారదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ రాత్రంతా ఇనుప బెంచీ మీద కూర్చోబెట్టారు. పక్కన బంగ్లాదేశ్ మనిషి ఒకడు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. అప్పు లెక్కే తిరుగుతోంది తలలో. మర్నాడు వెనక్కి పంపారు. బావమరిది రూముకని మా ఆవిడ సకినాలు చేసి అట్టపెట్టెలో సర్ది ఇచ్చింది. ఇంటికొచ్చి తెరిస్తే అంతా పిండి అయింది. ఆమె ఒక్క మాట అనలేదు. పెట్టె తీసుకెళ్లి కోళ్లకు పోసింది. 70 వేల అప్పు తీరడానికి నాలుగేళ్లు పట్టింది.

ఆ దేశం వాళ్లది. ఎవరిని రానివ్వాలో, ఎవరిని వద్దనాలో వాళ్ల ఇష్టం. అందులో నాకు వాదన లేదు. నేను అడుగుతున్నది మన ప్రభుత్వాన్ని. రావద్దని ఉంటే రావద్దని ముందే నాకు తెలియాలి కదా!

2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానంలో 104 మంది మనవాళ్లను సంకెళ్లతో అమృత్‌సర్‌లో దింపినప్పుడు దేశమంతా బాధపడింది. నేనూ టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. కానీ అమెరికా పంపేసేటప్పుడు 5 ఏళ్లా, 10 ఏళ్లా, 20 ఏళ్లా అన్నది కాగితం మీద రాసి చేతికిస్తుందట. ఆ గడువు లోపల మళ్లీ రావాలంటే ఏ ఫారం పెట్టుకోవాలో కూడా వాళ్ల చట్టంలో ఉందట. గల్ఫ్ నుంచి వచ్చిన మాకు ఆ పాటి కాగితం కూడా లేదు. ఊళ్లో మాత్రం డిపోర్ట్ అయ్యాడంటే దొంగతనం చేసి వచ్చినట్టు చూస్తారు.

దుబాయ్, షార్జా ఉన్న యూఏఈ దేశపు చట్టం కూడా తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. మా అల్లుడు చదివి చెప్పాడు. అక్కడి విదేశీయుల చట్టంలోనే, డిపోర్ట్ అయినవాడు అధికారుల అనుమతి లేకుండా తిరిగి రాకూడదని ఉందట. అంటే అనుమతి అడిగే దారి ఉన్నట్టే కదా. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా వీసా గడువు దాటి ఉన్నవాళ్లకు వాళ్లు క్షమాభిక్ష పెట్టినప్పుడు, ఆ గడువులో వెళ్లిపోయినవాళ్లు మళ్లీ రావచ్చన్నారు. సంతోషం. మరి అంతకుముందు ఎప్పుడో పోయిన మా సంగతేంటి? ఒక ఏజెంట్ ‘పదేళ్లు దాటితే అంతా తుడిచిపెట్టేస్తారు’ అంటాడు. ఇంకొకడు ‘మస్కట్ మీదుగా పంపిస్తా, 40 వేలు పట్టుకురా’ అంటాడు. తెలియనితనం మీదే వాళ్ల బతుకు నడుస్తోంది.

కాబట్టి నా విన్నపం ఇది. ఇకమీదట కాన్సులేట్‌లో ఔట్‌పాస్ ఇచ్చేటప్పుడే, ఆ మనిషిని ఏ కారణంతో పంపుతున్నారు, కోర్టు తీర్పు మీదా, పోలీసు ఆఫీసు ఉత్తర్వు మీదా, ఎన్నేళ్లు రాకూడదు అన్నది అక్కడి అధికారులను అడిగి రాసి ఇప్పించండి. తెలుగువాడికి తెలుగులో ఇప్పించండి. ఇక మాలాంటి పాతవాళ్లం వేలి ముద్ర, కన్ను, పాత పాస్‌పోర్ట్ నంబర్ అన్నీ ఇవ్వడానికి సిద్ధం. హైదరాబాద్‌లో మీ శాఖ ప్రవాసీ సహాయతా కేంద్రం ఉంది, ఫిర్యాదులు తీసుకునే ‘మదద్’ పోర్టల్ ఉంది. అక్కడ దరఖాస్తు తీసుకుని, కాన్సులేట్ ద్వారా విచారించి, అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పించండి. అనుమతి అడగాల్సి ఉంటే ఎవరికి రాయాలో చెప్పించండి. ఫీజు పెట్టినా కడతాం. ఏజెంట్లకు కట్టిన దానికంటే ఎక్కువేం కాదు.

ఎమిగ్రేషన్ క్లియరెన్స్ దగ్గర కూడా, పాస్‌పోర్ట్ దరఖాస్తులో ‘అవును’ అని రాసిన మనిషి అదే దేశానికి పోతుంటే ఒక్కసారి ఆపి, నాయనా, కనుక్కున్నావా అని అడిగితే చాలు. 2014లో నన్నెవరైనా అట్లా అడిగి ఉంటే ఆ అప్పే ఉండేది కాదు.

ఇప్పుడు నేను పనికి పోవడం లేదు. నెల రోజులు ఉండి మనవరాలిని ఎత్తుకుని వద్దామని, అంతే. కానీ ఈసారి బిడ్డ, అల్లుడు బయట నిలబడి ఎదురుచూస్తుంటే నేను లోపల ఆ బెంచీ మీద కూర్చోవాల్సి వస్తే ఎట్లా? మా ఆవిడను ఒక్కదాన్నే పొమ్మన్నాను. నువ్వు లేకుండా పోనంటోంది.

వీసా ఇచ్చిన 60 రోజుల లోపు ఆ దేశంలో అడుగుపెట్టాలి. ఇప్పటికి 19 రోజులు గడిచాయి. టికెట్లు ఇంకా కొనలేదు. మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
జగిత్యాల జిల్లా నుంచి
ఒక గల్ఫ్ వాపసీ కార్మికుడు