నువ్వు వాడి చోటు లాక్కోలేదు

చిన్నా,

రాత్రి నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మీ క్రికెట్ జట్టుకి కెప్టెన్‌ని చేశారని చెబుతూ కూడా నీ గొంతులో సంతోషం లేదు. "మా పాత కెప్టెన్ భుజం ఎముక విరగబట్టి నాకిచ్చారు నాన్నా, వాడి చోటు లాక్కున్నట్టుంది" అన్నావు. అప్పుడు నాకు మాట తోచలేదు. అందుకే రాస్తున్నాను.

నారీ కాంట్రాక్టర్ పేరు నువ్వు విని ఉండవు. 1961-62లో ఇంగ్లండ్‌ మీద మనం మొట్టమొదటిసారి టెస్ట్ సిరీస్ గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. అంతకుముందు 1959లో లార్డ్స్‌లో పక్కటెముకకు దెబ్బ తగిలినా క్రీజు వదలకుండా 81 పరుగులు చేసిన మనిషి. ఇంగ్లండ్‌ని ఓడించిన వెంటనే జట్టు వెస్టిండీస్‌కి వెళ్ళింది. 1962 మార్చిలో బార్బడోస్ జట్టుతో మ్యాచ్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి ఆయన తలకు తగిలి పుర్రె చిట్లింది. హెల్మెట్లు లేని రోజులవి. ఆపరేషన్‌కి రక్తం కావాల్సి వస్తే మనవాళ్ళు బోర్డే, ఉమ్రీగర్, నాడ్కర్ణి ఇచ్చారు. వాళ్ళతో పాటు వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వారెల్ కూడా ఇచ్చాడు. ఈ సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నా కళ్ళు చెమరుస్తాయి.

కాంట్రాక్టర్ ప్రాణం దక్కింది. తర్వాత మళ్ళీ బ్యాట్ పట్టి దేశంలో మ్యాచ్‌లు ఆడాడు కూడా. కానీ టెస్టులు మాత్రం 28 ఏళ్ళకే అయిపోయాయి. తలలో వేసిన లోహపు పలకను 2022లో గానీ తియ్యలేదు.

ఆ దెబ్బ తగిలిన వారంలోపే బ్రిడ్జ్‌టౌన్ టెస్టులో వైస్ కెప్టెన్ మన్సూర్ అలీఖాన్ పటౌడీ జట్టును నడిపించాడు. అతని వయసు 21 ఏళ్ళ 77 రోజులు. టెస్టుల్లోకి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. పైగా అంతకుముందు ఏడాదే కారు ప్రమాదంలో కుడికన్ను చూపు పోయింది. అంత టెన్షన్‌లో ఆడి, గెలిచాడా అంటే లేదు. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఓడిపోయాం. అయినా తర్వాత మొత్తం 40 టెస్టులకు కెప్టెన్సీ చేశాడు. విదేశంలో మన మొదటి సిరీస్ విజయం, 1968లో న్యూజిలాండ్‌లో, అతని కెప్టెన్సీలోనే వచ్చింది.

దీన్నిబట్టి ఆ దెబ్బ మన మంచికే తగిలిందని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. కాంట్రాక్టర్ పోగొట్టుకున్నది పోగొట్టుకున్నదే. కానీ అందులో పటౌడీ తప్పేముంది? ఆ రోజు ఎవరో ఒకరు జట్టును తీసుకుని మైదానంలోకి దిగాలి కదా.

ఇంకో మాట. అదే పటౌడీ తర్వాత మన హైదరాబాద్‌కి వచ్చి, రంజీ జట్టులో జైసింహ కెప్టెన్సీ కింద ఆడాడు. 1962లో వెస్టిండీస్ వెళ్ళిన జట్టులో జైసింహ కూడా ఉన్నాడులే. కెప్టెన్సీ ఎవరి సొత్తూ కాదు, చేతులు మారుతూనే ఉంటుంది.

ఆదివారం మ్యాచ్‌కి ముందే ఒకసారి వాడి దగ్గరికి వెళ్ళు. మొహం చాటెయ్యకు. వాడికి తెలిసినంతగా మీ బౌలర్లు ఇంకెవరికీ తెలియరు, ఫీల్డింగ్ ఎలా పెట్టాలో వాడినే అడుగు. అమ్మ సున్నుండలు పంపుతోంది, సగం వాడికివ్వు. మ్యాచ్ అయ్యాక ముందు వాడికి ఫోన్ చెయ్, తర్వాత నాకు.

నాన్న