పగడాల ఆట: తేదీ తప్పింది, ఒక రూలూ తప్పింది

మా ‘పగడాల దిబ్బ’ కార్డుల ఆటకి డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకీ, మొదటి విడతలో కొన్నవాళ్లకీ ఈ నాలుగు మాటలు. రెండో విడత దసరాకి ఇస్తానన్నాను. ఇవ్వలేను. సంక్రాంతి దాటాకే.

ఆలస్యంలో సగం ప్రెస్సుది, సగం నాది. శివకాశి నుంచి పెట్టెలు దిగిన రోజు, ఏడు రోడ్ల దగ్గర మా షాపులో నేనూ మా ఆవిడా ఒకటి విప్పి చూస్తే కార్డులన్నీ వేయించిన అప్పడాల్లా వంగి ఉన్నాయి. ముందువైపే లామినేషన్ వేశారు. వెనక అట్ట మన కడప ఎండకి ఆరి, బిగుసుకుని, కార్డుని తనవైపు లాగేసింది. తిరిగి పంపాను. రెండువైపులా వేసి ఇస్తామన్నారు, ఖర్చులో సగం నా నెత్తిన పెట్టి.

ఇక నా తప్పు. పగడం రాయి కాదు, జంతువు. (ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరే జాతి, అది దిబ్బలు కట్టదు. ‘కుజదోషానికి పనికొస్తాదా’ అని ఇప్పటికి ముగ్గురు ఫోన్ చేశారు.) దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురముంటుంది. ఎండతో తిండి తయారుచేసి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అదే పెడుతుంది. ఆ రంగులూ చాలావరకు దాని చలవే. అక్కడి మామూలు వేసవికన్నా నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచుని బయటికి గెంటేస్తుంది. లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడుతుంది. మే నెల 44 డిగ్రీల్లో బజారుకి పోయొచ్చే మనకి ఒక్క డిగ్రీ అంటే నవ్వొస్తుంది గానీ, 1998లో, 2010లో, 2016లో లక్షద్వీప్ దిబ్బలు తెల్లబారింది ఇలాంటి వేడికే.

నేను రాసిన రూలేమో, తెల్లబారితే చచ్చినట్టే, కార్డు తీసేయాలని. చిన్నచౌకు నుంచి వచ్చిన ఆరో తరగతి పాప పది నిమిషాల్లో ఐదు పగడాలూ పోగొట్టుకుంది. చేతిలో చిలుక చేప కార్డు ఒక్కటే మిగిలింది. “ఇంక దీన్నేం చేసుకోవాల అంకుల్?” అనడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తెల్లబారిన పగడం బతికే ఉంటుంది, ఆకలితో. నీళ్లు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది. చల్లబడకపోతే చస్తుంది, ఆ ఎముక మీద ఇంకోరకం నాచు మందంగా పాకుతుంది, పిల్ల పగడాలు అతుక్కోవడానికి చోటుండదు. ఆ నాచుని గీరి తినేదే చిలుక చేప. ఇదంతా చదివే ఆట మొదలుపెట్టాను. అయినా ‘తేలిగ్గా ఉండాలి’ అనుకుని ఆట గుట్టంతా ఉన్న చోటే తుంచేశాను.

కొత్త రూలు ఇది. తెల్లబారిన కార్డుని అడ్డంగా తిప్పండి. రెండు చుట్ల లోపు వేడి దిగితే మళ్లీ నిలబెట్టండి. దిగకపోతే బోర్లించి, దాని మీద నాచు కార్డు వేయండి. చిలుక చేప ఉన్నవాళ్లు నాచు తీసి అక్కడ పిల్ల పగడం పెట్టొచ్చు. ఇప్పుడు ఆట అరగంట పైనే పడుతోంది.

ఇంకో తప్పు ప్రొద్దుటూరు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు పట్టాడు. లయన్‌ఫిష్ కార్డు మీద ‘బయటినుంచి వచ్చి పడ్డది’ అని వేశాను. అది కరీబియన్ సముద్రంలో మాట. హిందూ మహాసముద్రం దానికి సొంతూరు. అక్కడివాళ్లు రాసింది చదివి ఇక్కడి కార్డు రాస్తే ఇంతే.

పాతవాళ్లకి మార్చిన ఆరు కార్డులూ రూల్స్ కాగితమూ పోస్టులో ఉచితంగా పంపుతాను. కొత్తగా కొనేవాళ్లకి ధర 399 నుంచి 450 అవుతుంది, ముందే కట్టినవాళ్లు పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. ఆగలేనివాళ్లు పెట్టె వెనకున్న నంబరుకి వాట్సాప్ చేస్తే డబ్బు వెనక్కిస్తాను, నేనేమీ అనుకోను.

‘పిల్లోల్లకి పేకాట నేర్పిస్తావా’ అని తిట్టిపోయిన పెద్దమ్మ కూడా ఆదివారం సాయంత్రం రావచ్చు. షాపు ముందు టేబులేసి కొత్త రూలుతో ఆడిస్తున్నాను. బెంచీలు రెండే ఉన్నాయి.